వేగానికి కళ్లెం సరే, బస్తీపై నిఘా ఎందుకు?

రహదారిపై వేగాన్ని అదుపు చేయడం పోలీసుల విధి. ఆ విధిని సక్రమంగా నిర్వర్తించమని కోరేవారిలో మనమూ ఉన్నాం. షబే బరాత్ రాత్రి కుర్రాళ్ల బైకు పందేలకు వెరచి హైదరాబాద్‌లో ఏటా ఫ్లైఓవర్లు మూసివేయవలసి రావడం మనకు గర్వకారణం కాదు. ఇబాదత్‌లో మేల్కొనవలసిన రాత్రి ఆసుపత్రి వరండాలో మేల్కొన్న తల్లి కడుపుకోతకు ఏ హక్కుల వాదమూ ఓదార్పు కాజాలదు. కనుక మనం మినహాయింపు అడగడం లేదు. అడుగుతున్నది లెక్క.

స్పీడ్ గన్ పట్టుకున్న కానిస్టేబులు ఒక వాహనంపై గురిపెడతాడు. అది పరిమితి దాటితేనే ఫొటో, చలానా. ఇప్పుడు విస్తరిస్తున్న అనుసంధాన విధానం అలాంటిది కాదు. ఒక కెమెరా దారిన పోయే ప్రతి నంబరు ప్లేటునూ చదువుతుంది. పది కిలోమీటర్ల అవతల మరో కెమెరా అదే నంబరును మళ్లీ చదువుతుంది. ఆ దూరాన్ని ఐదు నిమిషాల్లో దాటితే సగటు వేగం గంటకు 120 కిలోమీటర్లని కంప్యూటరు తేలుస్తుంది. కెమెరా దగ్గర మాత్రం బ్రేకు తొక్కి, దాటగానే దూసుకుపోయేవారి ఆట ఇలా కడుతుంది. అంతవరకు మంచిదే. అయితే ఈ లెక్క తేలాలంటే ఏ తప్పూ చేయనివారి నంబరు, స్థలం, సమయం కూడా నమోదు కావాలి. ఆ వివరాలు ఎంతకాలం ఉంటాయి? ఎవరి చేతికి చేరతాయి? ఏ పనికి వాడతారు?

ఈ ప్రశ్నలు మన అనుమానం లోంచి పుట్టినవి కావు. 2010లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో, ముస్లింలు అధికంగా నివసించే స్పార్క్‌బ్రూక్, వాష్‌వుడ్ హీత్ ప్రాంతాల చుట్టూ రెండు వందలకు పైగా కెమెరాలు వెలిశాయి. వాటిలో నంబరు ప్లేట్లు చదివేవి ఎన్నో. కొన్ని రహస్యంగా అమర్చినవి. వాహన దొంగతనాలు, నేరాలు తగ్గించడానికేనని స్థానికులకు చెప్పారు. డబ్బు వచ్చింది మాత్రం ఉగ్రవాద నిరోధక నిధి నుంచి. ఆ వాడల్లోకి ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో గుర్తించే వలయమది. నిజం బయటపడగానే నివాసులు, పౌరహక్కుల సంఘాలు ఒక్కటై నిలదీశాయి. మరో పోలీసు విభాగం అధిపతి జరిపిన విచారణ ఆ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. పోలీసులు క్షమాపణ చెప్పారు. 2011లో కెమెరాలను పీకివేశారు. పరికరం ఒకటే, చెప్పిన ప్రయోజనం ఒకటి, ఉద్దేశించిన ప్రయోజనం మరొకటి.

మన నగరానికి వద్దాం. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. నగరంలోని కెమెరాల దృశ్యాలను ఒకేచోట చూసేందుకు కట్టిన భవనమది. ట్రాఫిక్ పర్యవేక్షణా, నేర పరిశోధనా ఒకే కప్పు కిందికి వచ్చినప్పుడు వాటి మధ్య గోడ ఎక్కడుందో చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. కార్డన్ సెర్చ్ పేరిట బస్తీని చుట్టుముట్టి, ఇల్లిల్లూ సోదా చేసి, కాగితాలు లేవని బైకులు పట్టుకుపోయిన అనుభవం పాతబస్తీకి ఉంది. 2021 లాక్‌డౌన్‌లో తనను వీధిలో ఆపి ఫొటో తీశారని నగరానికి చెందిన ఒక సామాజిక కార్యకర్త ముఖ గుర్తింపు సాంకేతికతను హైకోర్టులో సవాలు చేశారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది.

చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 136ఎ సెక్షన్ ఎలక్ట్రానిక్ పర్యవేక్షణకు వీలు కల్పించింది. 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నిబంధన ప్రకారం పరికరానికి ఏటా పునరుద్ధరించే ధ్రువపత్రం ఉండాలి. కెమెరా ఉందని తెలిపే హెచ్చరిక బోర్డు ముందుగానే కనిపించాలి. చలానా పరిష్కారమయ్యేదాకా రికార్డు భద్రపరచాలని కూడా ఆ నిబంధన చెబుతోంది. చలానాయే లేనివారి రికార్డును ఎప్పుడు చెరిపివేయాలో మాత్రం చెప్పదు. మన అభ్యంతరమంతా ఆ మౌనం మీదనే. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ హక్కులో జోక్యానికి చట్టం ఆధారం కావాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, జోక్యం ఆ లక్ష్యానికి తగినంతే ఉండాలి. వేగ నియంత్రణ న్యాయమైన లక్ష్యమే. వేగం మించనివాని రాకపోకలను దాచుకోవడం ఆ లక్ష్యానికి అవసరం లేదు.

"తప్పు చేయనివారికి భయమెందుకు?" అని కొందరు పెద్దమనుషులు అడుగుతారు. తప్పు చేయనివారి రికార్డుతో పోలీసులకు పనేమిటని మన ఎదురు ప్రశ్న. ఏ శుక్రవారం ఏ బండి ఏ మసీదు దారిలో ఆగిందో, ఎవరు ఏ సభకు వెళ్లారో తెలిపే పట్టిక ప్రమాదాలను తగ్గించదు. అది మనుషులపై పట్టు సంపాదించే సాధనం మాత్రమే. నేడు మనపై ప్రయోగించినది రేపు రైతు సంఘంపైనా, విద్యార్థి సంఘంపైనా ప్రయోగించవచ్చు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టం. సగటు వేగం లెక్క తేలిన వెంటనే పరిమితి మించనివారి వివరాలు చెరిపివేయాలి. వేగ నియంత్రణ కోసం సేకరించిన సమాచారాన్ని మరో పనికి వాడాలంటే కోర్టు ఉత్తర్వు తప్పనిసరి కావాలి. ఏ ప్రాంతంలో ఎన్ని కెమెరాలున్నాయో, ఎన్ని చలానాలు వేశారో ప్రాంతాలవారీగా ప్రకటించాలి. పోలీసు శాఖకు సంబంధం లేని సంస్థ ఏటా తనిఖీ జరపాలి.

మన వంతు కూడా ఉంది. నంబరు ప్లేటు వంచేవారిని, మాస్కు తగిలించి దాచేవారిని ఇంట్లోనే మందలించండి. వారి వల్ల మన వాదన పలచబడుతుంది. చలానా వస్తే ఫొటో, స్థలం, సమయం సరిచూసుకోండి. తప్పు మనదైతే జరిమానా కట్టండి. ఆపైన పది రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద ఒక్క ప్రశ్న వేయండి: నా బండి రికార్డు ఎన్ని రోజులు మీ వద్ద ఉంటుంది? ప్రతి మొహల్లా నుంచి ఈ ప్రశ్న వెళ్లిన నాడు జవాబు చెప్పక తప్పదు.