ఒక్కరోజు బహిష్కారం

మా మనవరాలిని బడికి తీసుకువెళ్ళే ఆటో అబ్బాయి ఆమధ్య ఒక సాయంత్రం పిల్లను దింపి, వెళ్ళిపోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నెల జీతం ముందుగా కావాలి కాబోలు అనుకున్నాను.

"రేపు బండి తియ్యటం లేదు మాస్టారూ" అన్నాడు.

"ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"నాకేమండీ, బాగానే ఉన్నాను. రేపు దేశం మొత్తం మీద ఎవరూ పెట్రోలుగాని డీజిలుగాని కొనకూడదంట. అందరూ ఒక్కరోజు మానేస్తే కంపెనీలకి కోట్లమీద నష్టం వచ్చి, దెబ్బకి రేటు దిగొస్తుందంట" అంటూ సెల్‌ఫోను నా చేతికిచ్చాడు.

చదివాను. చివర్లో దండాలు, జెండాలు, "దీన్ని పదిమందికి పంపండి" అనే ఆజ్ఞా అన్నీ ఉన్నాయి. ఈ శ్రీముఖం నాకు కొత్త కాదు. దీన్ని మొదటిసారి చూసి పాతికేళ్ళు దాటింది. అప్పుడు తెలుగులో లేదు, అంతే.

1999 లో మా మేనల్లుడు అమెరికాలో, న్యూజెర్సీలో, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ఆ ఏడు మార్చిలో ఒపెక్ దేశాలు కూడబలుక్కుని నూనె తీయటం తగ్గించుకున్నాయి. అక్కడ పెట్రోలు రేటు ఎక్కటం మొదలయింది. గాలను, అంటే మన కొలతలో మూడు ముప్పావు లీటర్ల పైచిలుకు, డాలరు దాటిందని జనం గగ్గోలు పెట్టారు. ఏప్రిల్ 30 న ఎవ్వరూ పెట్రోలు కొనకూడదని ఊరూరా ఈమెయిళ్ళు తిరిగాయి. మావాడు అసలే ఉత్సాహవంతుడు. దేశం కాని దేశంలో నలుగురితోపాటు తానూ ఒక ఉద్యమంలో దిగుతున్నానని సంబరపడి, 29 రాత్రి వెళ్ళి టాంకు నిండా పోయించుకొచ్చాడట. ఆ రాష్ట్రంలో ఎవరి పెట్రోలు వారు పోసుకోకూడదని చట్టం ఉంది లెండి, పోసేందుకు మనిషి ఉంటాడు. ఆ మనిషితో మావాడు గర్వంగా, "రేపు మేం రాం, బహిష్కారం" అన్నాడట. "సరే, ఎల్లుండి కనపడండి" అన్నాడట ఆ పెద్దమనిషి.

ఆ రోజు గడిచిపోయింది. రేటు మాత్రం చెక్కు చెదరలేదు.

చెదరకపోవటంలో ఆశ్చర్యమేముంది? ముప్ఫై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ లెక్క నాకు ఐదో తరగతిదిలా కనిపించింది. నాలుగు రోజులకోసారి పోయించుకునేవాడు ఒకరోజు ముందో వెనకో పోయించుకుంటే, నెలాఖరుకు బంకు పుస్తకంలో ఒక్క చుక్క తేడా రాదు. ఈ సంగతి అక్కడివాళ్ళకూ తెలిసొచ్చింది గాబోలు, తరవాత వచ్చిన ఉత్తరాల్లో మెలిక మార్చారు. రోజు కాదు, ఒక కంపెనీని పట్టుకోండన్నారు. 1999 ఆఖర్న ఎక్సాన్, మొబిల్ కలిసి ఒక్కటయ్యాయి గనక, ఆ బంకులకు వెళ్ళటం మానండి, మిగతావాళ్ళ దగ్గర కొనండి అని. వినటానికి బాగానే ఉంది. కాని పెట్రోలు చీరలాంటిది కాదు, అంచు చూసి ఏ నేతో చెప్పటానికి. ఒక గొట్టంలోనే అందరి సరుకూ పారుతుంది. పక్క బంకులో గిరాకీ పెరిగితే అతనికి సరుకు చాలదు. చాలకపోతే ఎక్కడ మిగిలిందో అక్కణ్ణించే తెచ్చుకుంటాడు. మధ్యన నలిగేది ఆ బోర్డు కట్టుకుని కూచున్న ఊళ్ళో డీలరు.

ఇదంతా గుమ్మంలో నిలబెట్టి చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు. ఆ ఓపికే నన్ను బాధపెట్టింది. డీజిలు ఖర్చు పోను రోజుకు ఆరేడు వందలు మిగిలితే గొప్ప, అందులోంచే బండి వాయిదా కట్టాలి. ఆ డబ్బు రేపు వదులుకోవటానికి సిద్ధపడి వచ్చాడు. నాకేం, పింఛను ఒకటో తారీఖున వచ్చి పడుతుంది.

"పోనీ, ఒక్కరోజు కాదు మాస్టారూ, అందరూ కట్టుగా నెల మానేస్తేనో?"

"మానేశాం కదయ్యా ఒకసారి!" అన్నాను.

2020 ఏప్రిల్ ఎవరు మరిచిపోతారు? అతని ఆటో మా వీధి చివర వేపచెట్టు కింద ఆకులు రాల్చుకుంటూ పడి ఉంది. దేశంలో పెట్రోలు వాడకం సగానికి పైగా పడిపోయింది. ఏ ఉద్యమనాయకుడూ కలలోకూడా కోరని బహిష్కారం అది. ప్రపంచమంతటా అలాగే ఉండటంతో ఏప్రిల్ 20 న అమెరికా బజారులో, మే నెల సరుకు బేరంలో, ముడినూనె పీపా ధర సున్నా దాటి కిందికి పోయింది. పీపా తీసుకుపొమ్మని 37 డాలర్లు ఎదురిచ్చారు! మరి మన బంకులో? తగ్గలేదు. 2017 జూన్ నుంచి రోజూ మారుతూ వచ్చిన రేటు ఆ వారాల్లో కదలకుండా కూచుంది. మే నెల మొదట్లో కేంద్రం పెట్రోలుమీద లీటరుకు 10 రూపాయలు, డీజిలుమీద 13 రూపాయలు సుంకం పెంచింది. నూనె చవకయిన లాభమంతా ఆ సుంకంలోకే పోయింది. మనం కొనకపోతే కంపెనీ ఏడుస్తుందనుకుంటాం. ముందు ఏడ్చేది ఖజానా. ఖజానా ఏడిస్తే ఊరుకుంటుందా?

తరవాత తగ్గించారు, కాదనను. 2021 దీపావళి ముందురోజున సుంకం పెట్రోలుమీద 5, డీజిలుమీద 10 తగ్గిస్తున్నామన్నారు. అంతకు ముందురోజే ఉపయెన్నికల ఫలితాలు వచ్చాయి. రెంటికీ సంబంధం ఉందని నేనన్నానా? బంకు దగ్గర మాత్రం ఆ వారం ఎవరూ బహిష్కారం చెయ్యలేదు. అదిగాక రాష్ట్రం పన్ను వేరే. 2024 లో మన ఆంధ్రప్రదేశ్‌లో డీజిలుమీద నూటికి 22 రూపాయల పావలా, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్లకని మరో రూపాయి.

"అయితే మానుకోవటంవల్ల ఎక్కడా ఏదీ తగ్గదంటారా?"

తగ్గకేం! మొరాకో దేశంలో 2018 ఏప్రిల్‌లో జనం మూడింటిని పట్టుకున్నారు. ఒక కంపెనీ పాలు, ఒక కంపెనీ సీసా నీళ్ళు, ఒక కంపెనీ పెట్రోలు. ఒక్కరోజు కాదు, నెలల తరబడి. పాల కంపెనీ గిలగిలలాడింది. రైతుల దగ్గర కొనే పాలు నూటికి 30 వంతులు తగ్గించుకుంది. ఫ్రాన్సునించి దాని పెద్ద యజమాన్యం దిగివచ్చి మాట్లాడింది. సెప్టెంబరులో ధర తగ్గించింది. పాలు సాయంత్రానికి విరిగిపోతాయి మరి, పక్కకొట్లో వేరే పాలూ దొరుకుతాయి. పెట్రోలు కంపెనీగల పెద్దమనిషి అప్పుడు ఆ దేశానికి వ్యవసాయ మంత్రి. 2021 లో ప్రధానమంత్రి అయ్యాడు. మా నాన్నగారు సీమగుడ్డలు తగలబెట్టిననాడు ఒంటిమీదికి ఖద్దరు ఉంది. ఈ అబ్బాయి డీజిలు మానేస్తే బండిలో ఏం పోస్తాడు?

అంతా విని, "మీరన్నది నిజమే మాస్టారూ. కాని స్టాండులో మాటిచ్చాను" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆటో రాలేదు. మనవరాలికి ఆవేళ పరీక్ష. పాత స్కూటరు దులిపి బయటికి తీశాను. చుక్క లేదు. బంకుదాకా తోసుకుంటూ వెళ్ళి రెండు లీటర్లు పోయించాను. "ఇవాళ బేరం ఎలా ఉందోయ్?" అంటే, "నిన్న రాత్రి బాగుందండి" అన్నాడు కుర్రాడు.

సాయంత్రం మా అబ్బాయి వచ్చాడు. స్టాండులో ఎనిమిదిమంది మాటనుకుంటే ఆరుగురు బండ్లు తీశారట. వాళ్ళమీద కోపంగా ఉందా అంటే, "వాయిదాలు ఉంటాయి కదండీ వాళ్ళకీ" అన్నాడు. తరవాత స్కూటరు వంక చూశాడు.

"ఇవాళ కొన్నారా మాస్టారూ?"

కొన్నానని ఒప్పుకోక తప్పలేదు. పాపం, నవ్వేశాడు. నేను నవ్వలేకపోయాను. నెల జీతంలోంచి ఆ రోజు కోసుకోమన్నాడు, మా ఆవిడ ఒప్పుకోలేదు.

వెళుతూ వెళుతూ గేటు దగ్గర ఆగి, "నిన్న చెప్పారే, ఆ సుంకం సంగతి, అది పత్రికలో రాయండి. నా పేరు మాత్రం వెయ్యకండి, స్టాండులో ఆటపట్టిస్తారు" అన్నాడు.

రాశాను. పేరు వెయ్యలేదు.