మన ఫ్యాను ఏ నిప్పుతో తిరుగుతోంది?

వార్షికోత్సవ సంచిక అనగానే కవితలు, జోకులు రాయడం హాస్టల్లో ఆనవాయితీ. ఈసారి మేము కరెంటు గురించి రాయదలచుకున్నాం. ఎందుకంటే మనలో చాలామంది మంగినపూడి, నాగాయలంక, కోడూరు వైపు పిల్లలం. ఆ పేర్లు వింటే మన పెద్దలకు 1977 నవంబరు 19 గుర్తుకొస్తుంది. దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. ఆ ఉప్పెనకు భూతాపమే కారణమని మేము అనడం లేదు. 1864లోనూ బందరును ఉప్పెన ముంచింది. కానీ సముద్రమట్టం పెరిగితే అంతే బలమైన తుఫాను ఇంకా లోపలి ఊళ్లకు నీళ్లు తెస్తుంది. ఉప్పునీరు చేలల్లోకి, చేతిపంపుల్లోకి చేరుతుంది.

సముద్రం పెరగడానికి ప్రధాన కారణం మనుషులు బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చడమే. అయితే అన్ని కరెంట్లూ ఒకటి కావు. గని తవ్వడం, ప్లాంటు కట్టడం కూడా కలిపి ఐపీసీసీ శాస్త్రవేత్తలు 2014లో లెక్క చెప్పారు. ఒక యూనిట్ కరెంటుకు వెలువడే గ్రీన్‌హౌస్ వాయువులు మధ్యస్థంగా బొగ్గుకు 820 గ్రాములు, సహజవాయువుకు 490, ఇంటికప్పు సోలార్‌కు 41, జలవిద్యుత్తుకు 24, అణువిద్యుత్తుకు 12, గాలిమరకు 11.

మనకు దగ్గరలోని ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం 1979 నుంచి బొగ్గుతో నడుస్తోంది. శ్రీశైలం, సాగర్ కరెంటు శుభ్రమైనదే, కానీ కృష్ణమ్మకు వరద వస్తేనే అది నిండుగా వస్తుంది. అణువిద్యుత్తుకు పొగ లేదు, వ్యర్థాలను వేల ఏళ్లు కాపాడే బరువు ఉంది. లోపం లేనిది ఏదీ లేదు. తేడా ఎంత అన్నదే ప్రశ్న.

"ఫ్యాన్లు ఆపండి, భూమిని కాపాడండి" అని సభల్లో పెద్దలు మనకు చెబుతుంటారు. ఒక హాలులో పది మంది పడుకునే పిల్లల ఫ్యాను ఆపితే భూమి చల్లబడదని మా అభిప్రాయం. ఖాళీ గదిలో లైటు ఆపాల్సిందే. దోమల్లో, ఉక్కలో చదువుకునే పిల్లవాడి ఫ్యాను మాత్రం విలాసం కాదు. మార్చాల్సింది ఫ్యానును కాదు, దాని వెనకున్న నిప్పును.

లెక్క చూడండి. 70 వాట్ల ఫ్యాన్లు 20, రాత్రి పది గంటలు తిరిగితే 14 యూనిట్లు. అదంతా బొగ్గు కరెంటైతే పదకొండున్నర కిలోల వాయువులు. అన్నే యూనిట్లు సోలార్‌వైతే 600 గ్రాముల లోపే. మన డాబా మీద నాలుగు కిలోవాట్ల పలకలు పెడితే రోజుకు సగటున 16 యూనిట్లు వస్తాయి.

రాత్రి ఎండ ఉండదు కదా అంటారు. నిజమే. పగటి కరెంటు లైనుకు ఇచ్చి, రాత్రి లైను నుంచి తీసుకోవచ్చు. రాత్రి బొగ్గు వాడక తప్పకపోయినా, పగలు అంత బొగ్గు మిగులుతుంది. ఉప్పుగాలికి స్టాండ్లు తుప్పు పడతాయన్నదీ నిజమే. అందుకే చౌకబారు ఇనుము వద్దు, తుఫానుకు ఎగరకుండా కాంక్రీటులో గట్టిగా బిగించాలి.

పూర్వ విద్యార్థులైన అన్నలారా, అక్కలారా! మీలో ఇంజనీర్లున్నారు, విద్యుత్ శాఖ ఉద్యోగులున్నారు. హాస్టల్‌కు ముఖద్వారం కట్టించాలని మీరు అనుకుంటున్నారని విన్నాం. మీ ప్రేమకు కృతజ్ఞతలు. కానీ ఆ డబ్బు డాబా మీద పెట్టించండి. పేరు అక్కడే రాయించండి. మా తర్వాత వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ వెలుగులో చదువుకుంటారు.