జాగ్రత్త పడ్డ ఆడదానికే నిద్ర లేదు

‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ ఇరవై ఏళ్ల కిందట గోడల మీద ఈ ప్రశ్న చదవనివాళ్లం మనలో ఎంతమందిమి? పులిరాజా గురించి రాష్ట్రమంతా మాట్లాడుకుంది. పులిరాజా భార్య సంగతి మాత్రం నాకు తెలిసి ఎవరూ అడగలేదు.

ఆ భార్యలు మా గంగారంలోనూ ఉన్నారు. మొగుడు పనికని పట్నం పోయి నెలల తర్వాత ఇంటికొస్తాడు. ధైర్యం చేసి కండోమ్ వాడమంటుంది. వాడతాడు. అయినా మర్నాటి నుంచి ఆమెకు గుబులే. ఒళ్లు కాస్త వెచ్చబడ్డా అదేనేమో అనుకుంటుంది. ఎవరినైనా అడిగితే "అంత అనుమానమైతే కాపురం ఎందుకు?" అని ఒకరు, "వాడారుగా, ఊరికే భయం నీకు" అని ఇంకొకరు. ఇద్దరివీ తప్పు మాటలే అంటాను. ఆమెకు కావలసింది తిట్టూ కాదు, బుజ్జగింపూ కాదు. సమాచారం.

అదేదో సూటిగా చెప్పుకుందాం. మొదటి నుంచి చివరి దాకా వాడి, చిరగకుండా, జారకుండా ఉంటే హెచ్ఐవీ సోకే అవకాశం దాదాపు లేదు. చిరిగిందా? 72 గంటలు దాటకముందే ప్రభుత్వాసుపత్రి డాక్టరును కలవాలి. 28 రోజులు మందులు వాడితే వైరస్ ఒంట్లో పాతుకోకుండా ఆపొచ్చు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. జ్వరాన్ని చూసి, దద్దుర్లను చూసి హెచ్ఐవీని తేల్చలేం. రక్తపరీక్ష ఒక్కటే తేలుస్తుంది. మూడు నెలలు నిండాక చేసిన పరీక్షలో లేదని వస్తే ఆ రోజు సంగతి ఇక వదిలెయ్యొచ్చు. వారానికోసారి పరీక్ష చేయించుకుంటూ కుమిలిపోనక్కర్లేదు.

పరీక్షకు వెళ్తే గుమ్మడికాయల దొంగలా చూస్తారని భయమా? మనం గర్భవతులమైతే ఆసుపత్రిలో ఈ పరీక్ష మామూలుగా చేస్తారు. అప్పుడు మన పరువు పోలేదే! మొగుడు పరీక్ష చేయించుకోవడానికి మాత్రం ఎందుకంత రోషం? పక్కపక్కన కూర్చుని ఇద్దరూ రక్తం ఇస్తే అనుమానానికి చోటెక్కడిది?

ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం. ముందూ వెనకా కౌన్సెలరు మాట్లాడతారు. మన ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదనీ, ఫలితం బయటపెట్టకూడదనీ 2017లో చట్టమే వచ్చింది. 1097కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా చెబుతారు.

కండోమ్ అడిగిన ఆడదాన్ని అనుమానపు మనిషి అనకండమ్మా. ఇంటిల్లిపాదినీ కాచుకుంటున్నది ఆమే.