ఫిన్లాండుకు వెళ్తే ఒక్కచోట ఉండండి

మావారికి గుండె ఆపరేషన్ అయిన ఏడాదికి, డాక్టరుగారిని అడిగే ఫిన్లాండులో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాము. అది జూన్ నెల. అంత దూరం వెళ్ళి ఒక్క దేశమేనా అని స్వీడన్, నార్వే, ఎస్తోనియాలకు కూడా టిక్కెట్లు కొనిపించింది నేనే. నాలుగో రోజుకే ఆయనకు కాళ్ళు వాచి, ఆయాసం వచ్చింది. అక్కడి డాక్టరు తిరగడం ఆపమన్నారు. టిక్కెట్ల డబ్బు పోయింది. మిగిలిన ఐదు వారాలు హెల్సింకి పక్కనున్న ఎస్పోలోనే గడిపాము. ఆయన కోలుకున్నది ఆ ఐదు వారాల్లోనే.

పెద్దవాళ్ళకు జూన్ నెల అంత మంచిది కాదని నా అభిప్రాయం. ఆ రోజుల్లో హెల్సింకిలో పగలు సుమారు 19 గంటలు. ఉత్తరపు కొసన అయితే 70 రోజులకు పైగా సూర్యుడు అస్తమించడు. చూడటానికి వింతే గాని నిద్ర పట్టదు. కిటికీలకు నల్లని మందపాటి తెరలు కట్టి, గడియారం చూసి పడుకోవడం అలవాటయ్యేసరికి మాకు వారం పట్టింది.

తర్వాత రోజూ అడవిలో నడక. అక్కడ అడవి ఎవరిదైనా సరే, నడవడానికీ పళ్ళు, పుట్టగొడుగులు ఏరుకోవడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. మనలాంటి పరాయివారికి కూడా ఆ హక్కు ఉంది. ఇళ్ళ ఆవరణలు, పంటచేలు మాత్రం తొక్కకూడదు. మొదట్లో పది నిమిషాలకే కూర్చుండిపోయిన మనిషి, జూలై ఆఖరుకు చిన్న గిన్నె పట్టుకుని గంటసేపు నీలం రంగు బ్లూబెర్రీ పళ్ళు ఏరారు. (పుట్టగొడుగుల జోలికి మేము పోలేదు. తెలియనివారు మీరూ పోవద్దు.)

రెండేళ్ళ తర్వాత సెప్టెంబరులో మళ్ళీ వెళ్ళాము. నన్నడిగితే అదే మంచి కాలం. చలి తట్టుకోదగినంతే ఉంటుంది, రాత్రి రాత్రిలాగే ఉంటుంది. ఆకులు పసుపు, ఎరుపు రంగుల్లోకి మారడం ఇంటి కిటికీలోంచే చూడవచ్చు. డిసెంబరులో అయితే హెల్సింకిలో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. దిగులు జబ్బు ఉన్నవారు, మంచు మీద జారితే ఎముక విరిగే వయసువారు ఆలోచించుకోవాలి. షుగరు ఉన్నవారు ఇన్సులిన్‌ను లోపలి జేబులో పెట్టుకోవాలి, గడ్డకట్టినది ఇక పనికిరాదు.

అక్కడివాళ్ళు మర్యాదగా సౌనాకు పిలుస్తారు. 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చిన ఆచారం అది. కాని గది వేడి 80 డిగ్రీలు, అంతకు మించి కూడా ఉంటుంది. గుండె రోగులు తమ డాక్టరును అడగకుండా లోపలికి వెళ్ళకూడదు. మావారు అడిగి, కింది మెట్టు మీద ఐదు నిమిషాలు కూర్చుని వచ్చారు.

ఖర్చు తక్కువేమీ కాదు, అందరికీ వీలయ్యేదీ కాదు. వీలైనవారు అదే డబ్బుతో నాలుగు దేశాలు తిరగకుండా ఒకే ఊళ్ళో నెల రోజులు ఉండమనే నేను చెప్పేది. వచ్చే సెప్టెంబరుకు మళ్ళీ వెళ్దామంటున్నారు మావారు. ఈసారి టిక్కెట్లు తనే కొంటారట.