చిట్టి గుర్రం – చిన్నచూపు

అమెరికాలో మినియేచర్ హార్స్ అనే పొట్టి గుర్రాల జాతి ఒకటి ఉన్నది. 1978లో ఏర్పడిన అక్కడి పెంపకందారుల సంఘం నియమం ప్రకారం దాని ఎత్తు 34 అంగుళాలకు మించరాదు. దానిని చిన్న బండికి కట్టి తోలడం వారికొక వేడుక. ఆ వేడుకతో నాకు తగవు లేదు. "బుల్లి గుర్రమే కదా, ఏ పట్టీలు బిగిస్తేనేం?" అనే మాటతోనే నా తగవంతా.

పెద్ద గుర్రానికి కుట్టిన పట్టీలకు మరి నాలుగు బెజ్జాలు పొడిచి, సరిపోయిందంటారు. సరిపోయినది బకిలు మాత్రమే. రొమ్ముపట్టీ పైకి జరిగితే శ్వాసనాళాన్ని నొక్కుతుంది. కిందికి జారితే భుజపు కీలుకు అడ్డుపడి అడుగు సాగనీయదు. చిట్టి గుర్రంలో ఆ రెంటి నడుమ చోటు మరీ ఇరుకు. కంటిగంతలు వదులైతే రెప్పలను ఒరుసుకుంటాయి. కళ్ళెపు ఇనుము నోటికన్న వెడల్పైతే అటూ ఇటూ జారి పెదవి మూలలను కోస్తుంది. పిరుదుల వెనుక పట్టీ అలంకారం కాదు. పల్లంలో బండి కాళ్ళమీదికి దూసుకురాకుండా ఆపే సాధనమది. ఇక కట్టేటప్పుడు ముందు కళ్ళెం, తరువాతే బండి. విప్పేటప్పుడు ముందు బండి, తరువాతే కళ్ళెం. బండి విప్పకముందే కళ్ళెం తీస్తే, బెదిరిన గుర్రాన్ని ఆపే సాధనమే ఉండదు.

ఠీవి కోసం తల ఎత్తిపట్టి ఉంచే వారు మరొకటి. దానివలన గుర్రం పడే యాతనను ఆనా స్యూయెల్ 1877లోనే 'బ్లాక్ బ్యూటీ' నవలలో గుర్రం చేతనే చెప్పించింది. అయినా ఆ వారు నేటికీ పోలేదు. చూసేవాడి కంటికి అది అందం; మోసేదాని మెడకు అది శిక్ష.

ఎక్కడి గొడవో మనకెందుకు అంటారా? జట్కాలెక్కి తిరిగినవారం మనం. బరువులు లాగే, మోసే జంతువుల రక్షణకై 1965లో మన కేంద్రప్రభుత్వం చేసిన నిబంధనలు ముళ్ళ కళ్ళేన్ని నిషేధించాయి. నిషేధించవలసి వచ్చిందంటేనే వాడుక ఎట్టిదో తెలియడం లేదా? "నోటికి కళ్ళెం వేయడం", "పగ్గాలు చేపట్టడం" – మన నుడికారాలు సైతం పట్టిన చేతి పక్షమే గాని, ఇనుము కరచిన నోటి పక్షం కావు.

కొలతకు కుట్టించాలంటే ఖరీదెక్కువ అనే వాదం ఒకటి ఉన్నది. నిజమే. అంత ఖరీదు పెట్టలేనివారు దానిని పచ్చికలో వదలి ముద్దు తీర్చుకోవచ్చు. బండి కావాలన్నది మనిషే గాని, గుర్రం కాదు.