అదిరే యంత్రాల్లో నట్ల బిగింపుపై తీర్మానం

వ్యవసాయ యంత్రాల మరమ్మతుదారుల సంఘం సర్వసభ్య సమావేశం

విషయం: రబీ కోతలకు ముందు వరికోత యంత్రాలు, ట్రాక్టర్లు, రోటావేటర్ల మరమ్మతులో పాటించవలసిన పద్ధతులు.

కోత యంత్రంలో కట్టర్ బార్, జల్లెడలు గంటల తరబడి అటూ ఇటూ ఆడుతూనే ఉంటాయి, రోటావేటర్ బ్లేడ్లకు మట్టిగడ్డల దెబ్బ తప్పదు గనుక;

బోల్టుకు అడ్డంగా వచ్చే కదలికే నట్టును అన్నిటికంటే త్వరగా వదులు చేస్తుందని జర్మన్ ఇంజనీరు గెర్‌హార్డ్ యుంకర్ 1969లో నిరూపించారు గనుక;

బోల్టు పూర్తిగా బిగిశాక స్ప్రింగ్ వాషర్ చదునై మామూలు వాషర్‌తో సమానమవుతుందని 1990లో నాసా వెలువరించిన ఫాస్టెనర్ డిజైన్ మాన్యువల్ తేల్చిచెప్పింది గనుక;

ఈ సమావేశం కింది విధంగా తీర్మానించింది:

1. అదిరే చోట స్ప్రింగ్ వాషర్ ఒక్కదాన్నే నమ్మి బండి అప్పగించరాదు.

2. ముందు సరైన బిగింపు, ఆ తర్వాతే లాకు. కంపెనీ పుస్తకం టార్క్ చెప్పిన ప్రతి బోల్టునూ టార్క్ రెంచితోనే బిగించాలి. పానాకు పైపు తొడిగి లాగడం మానాలి.

3. గార్డులు, కవర్లు, జల్లెడ ఫ్రేములకు నైలాక్ నట్లు వేయాలి. ఒకసారి విప్పినవి మళ్లీ వాడరాదు. సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాటితే నైలాన్ పట్టు సడలుతుంది. కాబట్టి సైలెన్సర్ దగ్గర పూర్తి లోహపు లాక్ నట్లే వేయాలి.

4. స్టీరింగు బాల్ జాయింట్లకు క్యాజిల్ నట్టుతో పాటు కొత్త స్ప్లిట్ పిన్ను తప్పనిసరి. రంధ్రం కలవకపోతే నట్టును ఇంకాస్త బిగించాలే గాని వెనక్కి తిప్పరాదు.

5. రెండు నట్లు వేసేచోట పలుచనిది ముందు, మందమైనది దానిపైన రావాలి. మనలో చాలామంది తిరగేసి వేస్తున్నారు. ఇకపై అది చెల్లదు.

6. థ్రెడ్‌లాక్ రాసేముందు మరలకు నూనె, మట్టి లేకుండా తుడవాలి. అది గట్టిపడేదాకా బండి పనిలో పెట్టరాదు.

7. బిగించిన ప్రతి ముఖ్యమైన నట్టు మీదుగా బోల్టు దాకా పెయింటు గీత గీయాలి. మొదటి రోజు పని ముగిశాక గీత తప్పిందేమో చూడాలని డ్రైవరుకు చెప్పాలి. తప్పినచోట తిరిగి బిగించినందుకు కూలి తీసుకోరాదు.

8. కొత్త నట్ల ఖర్చు బిల్లులో విడిగా చూపాలి. ఖర్చు తగ్గించడానికి పాతవే వేయమని యజమాని అడిగినా స్టీరింగు, బ్లేడ్ల విషయంలో ఒప్పుకోరాదు.

ప్రతిపాదించినవారు: కార్యదర్శి
బలపరచినవారు: కోశాధికారి
సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఈ తీర్మానం ప్రతిని ప్రతి షాపులో పనిబల్ల ఎదుట అతికించాలి.