పనిలేని కాలమా?
పుష్యమాసంలో అనంతపురం జిల్లా కల్యాణదుర్గం వైపు పల్లెలకు వెళ్లాను. వేరుశనగ పీకడం అయిపోయింది. మగవాళ్లు చాలామంది బెంగళూరు పనులకు పోయారు.

"ఇప్పుడేం పనిల్యాక్కా" అంది ఒకామె, చెనిక్కాయలు ఒలుస్తూనే. అప్పటికే నీళ్లు మోసి, మేకలకు మేతవేసి, కంపకట్టెలు తెచ్చింది. చేను ఆమే చూస్తోంది. పాస్‌బుక్కు మాత్రం ఊళ్లో లేని భర్త పేర. అప్పు కావాలంటే ఆయనే రావాలట.

నా పిహెచ్‌డి సర్వేలో ఇలాంటి స్త్రీల గడిలో 'పని లేదు' అని రాసినదాన్ని నేనే. డాక్టరేటూ వచ్చింది! ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2019 జాతీయ కాలవినియోగ సర్వే లెక్కతేల్చింది. చేనుపని దీనికి అదనం.

మన సంఘాల ఫారాల్లోనైనా ఆ గడి మారుద్దాం. ఆమె పేరు పక్కన 'రైతు' అని రాద్దాం.